రెండు గుమ్మాల ఇల్లు

మా ఇంటికి రెండు వీధి గుమ్మాలున్నాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ఒక గుమ్మంలోంచి లోపలికొచ్చి రెండో గుమ్మంలోంచి వెళ్ళిపోతారు. గాలి కూడా అలాగే ధారాళంగా ఆడుతుందని బ్రోకరు అందరికీ చెబుతుంటాడు. గాలి సంగతి నిజమే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నాయన ఇల్లు అమ్మి చూసి ఉండడు. చూసుంటే మిగతా రెండింటి ఊసెత్తేవాడు కాదు.

ఊరికి దూరంగా, బస్సు దిగి చాలాసేపు నడిస్తే గానీ రాని పెద్ద ఇల్లు ఇది. చుట్టూ పొలాలు. నేనూ మా తోడల్లుడూ కలిసి కొన్నాం. అంటే, మా ఆవిడా ఆవిడ చెల్లెలూ కలిసి కొన్నారు, మేం సంతకాలు పెట్టాం. అక్కచెల్లెళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ వేరు వేరు ఊళ్ళలో ఉండి, రోజూ ఫోనులో మాట్లాడుకుని, ఒకరంటే ఒకరికి ప్రాణం అనుకునేవాళ్ళు. ఆ ప్రాణం నిలబడింది ఫోను పెట్టేసే వీలుండబట్టేనని మాకెవరికీ తోచలేదు. రిటైరయ్యాక నలుగురం ఒకే చోట, మంచి గాలిలో, ప్రశాంతంగా ఉందాం అనే మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. నేను కాదని మాత్రం నాకు గట్టిగా గుర్తు.

గొడవ వంటింటి గట్టు దగ్గర మొదలైంది. మా ఆవిడ పొట్టి. మా మరదలు పొడుగు. ఒకే తల్లి కడుపున పుట్టి ఇలా ఎందుకయ్యారో తెలీదు గానీ, ఒకే గట్టు ముందు నిలబడి ఇద్దరూ వండడం కుదరలేదు. గట్టు ఎత్తు పెంచితే మా ఆవిడ పీట ఎక్కి వండాలి. తగ్గిస్తే మరదలి నడుం పట్టేస్తుంది. పెంచాం. తగ్గించాం. మళ్ళీ పెంచాం. మళ్ళీ తగ్గించాం. చివరికి వెనక గదిలో రెండో వంటిల్లు పెట్టాం. వంటిల్లు రెండయ్యాక హాలు ఒక్కటి ఎందుకన్నారు. హాలు మధ్యలో గోడ లేచింది, అది నేరుగా వెళ్ళి రెండు వంటిళ్ళనీ విడదీసింది. గోడ లేచాక అవతలివాళ్ళకి గుమ్మం కావాలి కదా, అదీ వచ్చింది. తర్వాత రెండో మెట్లు. ఆ రెండు మెట్లూ ఒకే డాబా మీదికి వెళ్తాయి. అక్కడ గోడ కట్టడానికి ఓపిక అయిపోయి, బట్టలారేసే తాడునే సరిహద్దు అనుకున్నాం. గాలికి వాళ్ళ దుప్పటి మా వైపు ఎగిరితే, అది చొరబాటు కింద లెక్క.

ఈ పనులన్నీ మా తోడల్లుడు స్వహస్తాలతో చేశాడు. అతను సిమెంటు కంపెనీలో లెక్కలు చూసేవాడు. అన్నేళ్ళు సిమెంటు బిల్లుల మధ్య కూర్చుంటే తాపీపని దానంతటదే వచ్చేస్తుందని అతని నమ్మకం. చొక్కా జేబులో ఎప్పుడూ రసమట్టం ఉంటుంది, అదే, ఏదైనా సమంగా ఉందో లేదో చెప్పే, గాజు గొట్టంలో బుడగ కదిలే పనిముట్టు. అందుకే మేం అతన్ని చాటుగా రసమట్టం అంటాం. దాన్ని మా వైపు ఏ కిటికీ మీద పెట్టినా బుడగ పక్కకి పోతుంది. వాళ్ళ వైపు కిటికీల మీద పెట్టడం నేనింతవరకూ చూడలేదు.

మరి ఎందుకు అమ్ముతున్నారంటే, మరదలివాళ్ళ కారణం సులువు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదు, అక్క లేని చోటికి అని మాత్రం తేల్చుకున్నారు.

మా కారణం నిద్ర.

పట్నంలో మేం మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఇనప గేట్లు చేసే షాపు. పొద్దున్నించీ సాయంత్రందాకా సుత్తి దెబ్బలు, కోత మిషను, ఆ షాపు ఓనరు తిట్లు. ఆ మోతలో మా ఆవిడ మధ్యాహ్నం పడుకుంటే చెయ్యి పట్టి లేపినా లేచేది కాదు. రాత్రి బస్సులు, లారీలు. ఇంకా హాయి. ఇక్కడికొచ్చాక ఆవిడకి నిద్ర దూరమైంది. ఈ నిశ్శబ్దంలో కళ్ళు మూసుకుంటే ఎవరో పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టినట్టుంటుందట. మొదట్లో ఎప్పుడైనా కునుకు పట్టేది. ఇల్లు అమ్మకానికి పెట్టాక అదీ పోయింది. కళ్ళ కింద నల్లగా వలయాలు వచ్చాయి. కాఫీలో ఉప్పు వేసింది. నేను తాగేశాను, ఎందుకంటే ఏదైనా అంటే ఏడుస్తుంది.

మా పాత ఇంటావిడకి మేమంటే అభిమానం. "మీ వాటా ఖాళీ అయింది. వానలు మొదలయ్యేదాకా ఎవరికీ ఇవ్వను. ఈలోపు ఆ కోట అమ్ముకుని వచ్చెయ్యండి," అంది. మా ఆవిడ ఆ మాట పట్టుకుని బతుకుతోంది. రోజూ పొద్దున్నే వీధిలోకొచ్చి ఆకాశం చూస్తుంది. రైతులు కూడా అంత శ్రద్ధగా మబ్బు చూడరు. తేడా ఏంటంటే, మబ్బు కనిపిస్తే ఈవిడ గుండె జారుతుంది.

బ్రోకరు మొదటి రోజే రెండు షరతులు పెట్టాడు.

"సార్, ఇది ఇల్లు కాదు. ప్రశాంతత. మనం అమ్మేది అదే. కాబట్టి సుత్తి చప్పుడు వినపడకూడదు. చిన్నసారుని ఆ సామాను పెట్టెలో పెట్టి తాళం వెయ్యమనండి."

"రెండోది?"

"రెండోది, ఎవరి వైపు వాళ్ళు చూపించుకోండి. మాటా మాటా రాదు."

మొదటి షరతుతో ఇల్లంతా సద్దు మణిగింది. రెండో షరతుతో కొనేవాళ్ళ సద్దు మణిగింది. నేను మా వైపు చూపిస్తూ, "గోడవతల సంగతి నాకు తెలీదండీ, అక్కడ చెమ్మ ఉందని విన్నాను," అనేవాణ్ణి. రసమట్టం వాళ్ళ వైపు చూపిస్తూ, "మా వైపు అంతా సమంగా ఉంటుందండీ. అవతల గోలీ పెడితే దానంతటదే వీధిలోకి వెళ్ళిపోతుంది," అనేవాడు. వచ్చినవాళ్ళు రెండూ విని, రెండూ నమ్మి, గోలీ వెళ్ళిన దారినే వెళ్ళేవాళ్ళు.

అసలు వచ్చేవాళ్ళలో సగంమంది కొనడానికి వచ్చేవాళ్ళు కాదు. పట్నంలో సెలవు రోజు ఏం తోచక వచ్చేవాళ్ళు. ఒకాయన పెళ్ళాంపిల్లలతో, చాపతో, క్యారేజీతో వచ్చాడు. ఇల్లు చూడమంటే, "ముందు భోంచేస్తాం, కడుపులో ఏదైనా పడితే గానీ నిర్ణయం తీసుకోలేను," అన్నాడు. తిని, చెట్టు కింద పడుకుని గుర్రుపెట్టాడు. మా ఆవిడ కిటికీలోంచి అతన్నే చూస్తూ నిలబడింది. మనిషి నిద్రని అంత అసూయగా చూడడం నేనెక్కడా చూడలేదు. సాయంత్రం లేచి, ఒళ్ళు విరుచుకుని, "చాలా బావుందండీ. మా అత్తగారిని కూడా తీసుకొస్తాను," అన్నాడు. తీసుకొచ్చాడు కూడా. ఆ అత్తగారు మా మరదలివాళ్ళ వైపు వరండాలో పడుకుంది.

ఇంకొకావిడ అన్నీ చూసి, "అంతా బావుంది గానీ, కొంచెం పట్నంలో ఉంటే బావుండేది," అంది. పట్నంలో ఉండాల్సింది ఇల్లా, ఆవిడా అని అడగలేదు. అడిగే ఓపిక అయిపోయింది.

ఇలా ఎండాకాలం గడిచిపోయి, ఆకాశం రంగు మారుతుండగా బ్రోకరు ఫోను చేశాడు.

"సార్, ఈసారి పార్టీ గట్టిది. అన్నదమ్ములు. ఇద్దరి కుటుంబాలూ కలిసి ఉండాలని పెద్ద ఇల్లు చూస్తున్నారు. డబ్బు చేతిలో ఉంది. మీరు నలుగురూ నోళ్ళు మెదపకుండా నిలబడండి చాలు. మాట్లాడ్డమంతా నేనే."

ఆ సాయంత్రం నలుగురం సమావేశమయ్యాం. మా వైపా, వాళ్ళ వైపా అని తేలక వీధిలో నిలబడ్డాం.

"అక్క నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటా బావా," అంది మరదలు, నన్ను చూస్తూ.

"అది మూసుకోగా నేనెప్పుడూ చూళ్ళేదని చెప్పండి," అంది మా ఆవిడ, నన్నే చూస్తూ.

"వదినగారూ, ఒక్క గంటండీ. ఒక్క గంట," అన్నాడు రసమట్టం.

"నాకేం మరిదిగారూ, నేను నిలబడే నిద్రపోతా," అంది మా ఆవిడ. పాపం, అది ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

మర్నాడు పొద్దున్న అన్నదమ్ములు వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒక కళ్ళజోళ్ళ షాపు ఉందట. ఇద్దరివీ ఒకే రకం ఫ్రేములు. వాళ్ళ ఆడవాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని వచ్చారు. తోడికోడళ్ళు చేతులు పట్టుకుని నడవడం చూసి బ్రోకరు నా వైపు కన్ను కొట్టాడు.

వాళ్ళకి అన్నీ నచ్చాయి. రెండు గుమ్మాలు నచ్చాయి. రెండు మెట్లు నచ్చాయి. మా వైపు కిటికీ వంకర కూడా, "పాతకాలపు అందం" అని నచ్చింది. రసమట్టం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. నేను అతని కాలు తొక్కాను.

హాల్లోకి రాగానే చిన్నాయన గోడ మీద వేలితో టకటకమని కొట్టాడు.

"అన్నయ్యా, ఈ గోడ కొట్టేస్తే హాలు మైదానంలా ఉంటుంది!"

"కొట్టేద్దాంరా. మనకి గోడలెందుకు?"

"వంటిల్లు కూడా ఒకటి చాలు. రెండోది సామానుకి," అంది పెద్దకోడలు.

"అక్క వండుతుంది, నేను కూరగాయలు తరిగిస్తాను," అంది చిన్నకోడలు, మురిసిపోతూ.

అప్పుడు చూశాను. పెద్దకోడలు పొడుగు. చిన్నకోడలు ఆవిడ భుజం దాకా కూడా రాదు. నేను చూసినట్టే మా ఆవిడా చూసింది. వెంటనే నేను దగ్గాను. ఆకాశంలో మబ్బుందని గుర్తు చేయడానికి కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఆవిడ కిటికీ వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. నాకు ధైర్యం వచ్చింది.

"సరే, ఈ రోజే మాట అనేసుకుందాం," అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. బ్రోకరు మొహం వెలిగింది. నాకు పట్నం వాటా, కింద సుత్తి మోత, మంచం మీద గుర్రుపెడుతున్న మా ఆవిడ, అన్నీ కనిపించాయి.

"అమ్మాయ్, గోడ మాత్రం కొట్టకండమ్మా," అంది మా ఆవిడ.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మా ఆవిడ వైపు చూశాడు.

"అంటే... మేడం ఉద్దేశం, గోడ బలమైంది, అనవసరంగా..." అని బ్రోకరు అందుకున్నాడు.

"బలం సంగతి కాదండీ," అంది మా మరదలు. "అక్క సరిగ్గానే చెప్పింది. రెండో వంటిల్లు కూడా తీసెయ్యకండి."

వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం ఈ ఇంట్లో అదే మొదటిసారి. దానికి ఆ ముహూర్తమే దొరికింది.

చిన్నకోడలు నవ్వింది. "మేమలాంటివాళ్ళం కాదండీ. నాకూ అక్కకీ ఇంతవరకూ ఒక్క మాట తేడా రాలేదు."

"ఇప్పుడు ఎక్కడుంటున్నారు?" అంది మా ఆవిడ.

"మేం షాపు మీదే. అక్కవాళ్ళు స్టేషను వైపు."

మా ఆవిడ మరదలి వైపు చూసింది. మరదలు అడిగింది, "ఫోనులో మాట్లాడుకుంటారా?"

"రోజూ!"

"అయ్యో," అంది మరదలు. మనస్ఫూర్తిగా అంది.

"ఒక్కసారి ఇద్దరూ ఆ గట్టు ముందు నిలబడండి," అంది మా ఆవిడ.

బ్రోకరు, "మేడం, ఎండెక్కుతోంది, డాబా చూపిద్దాం," అన్నాడు. అతని మాట ఎవరూ వినలేదు. తోడికోడళ్ళిద్దరూ సరదాగా మా వంటింట్లోకి వెళ్ళి గట్టు ముందు నిలబడ్డారు. పెద్దకోడలు వంగింది. లేచింది. మళ్ళీ వంగింది.

"కొంచెం పెంచితే సరిపోతుంది," అంది.

"పెంచితే నాకెలా అక్కా?"

"నువ్వు తరుగుతానన్నావుగా. కూర్చుని తరుగు."

"మరి నేనెప్పుడూ పొయ్యి దగ్గరికి రాకూడదా?"

"వద్దని ఎవరన్నారే? పీట వేసుకో."

"రోజూ పీటెక్కాలా? ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?"

"ఎవరొస్తారు? మీ అమ్మవాళ్ళేగా వచ్చేది, అదీ నెలంతా."

చిన్నాయన, "వదినా, మా అత్తగారి ఊసెందుకిప్పుడు?" అన్నాడు. పెద్దాయన, "మీ వదిన మాటకి నువ్వు అడ్డు రాకురా," అన్నాడు. "అడ్డు రావడమేంటి అన్నయ్యా, షాపులో కూడా నువ్విలాగే..." అన్నాడు చిన్నాయన. షాపులో ఏం జరిగిందో మాకు పూర్తిగా తెలిసేలోపే పెద్దాయనా భార్యా మా గుమ్మంలోంచి బయటికెళ్ళిపోయారు. చిన్నవాళ్ళు డాబా ఎక్కి, తాడు కింద నుంచి వంగి, అవతలి మెట్లు దిగి, మరదలివాళ్ళ గుమ్మంలోంచి వెళ్ళారు. రెండు గుమ్మాలు మొట్టమొదటిసారి ఒకేసారి పనికొచ్చాయి.

బ్రోకరు మెట్ల మీద కూలబడ్డాడు. మంచినీళ్ళిచ్చాను.

"సార్, పక్కింటివాళ్ళు చెడగొడతారు. చుట్టాలు చెడగొడతారు. అమ్మేవాళ్ళే కొనేవాళ్ళకి వద్దని చెప్పడం నా సర్వీసులో ఇదే మొదటిసారి," అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు చెప్పావు?"

"నోరాగలేదు."

"అమ్ముడుపోయేది."

"తెలుసు."

"మన వాటా..."

"తెలుసండీ. తెలియక చెప్పానా?" అంది విసుగ్గా. "ఆ పిల్ల ఇక్కడ పీటెక్కి వండుతుంటే, నేనక్కడ మాత్రం హాయిగా పడుకుంటానా?" అంది.

నేను లేచి వెళ్ళి, మెట్ల మీద బ్రోకరు వదిలేసిన గ్లాసు తెచ్చాను.

వానలు మొదలయ్యాయి. ఇంటావిడ ఫోను చేసి, వాటా వేరేవాళ్ళకి ఇచ్చేశానని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. "వచ్చినవాళ్ళు సుత్తి మోతకి నిద్ర పట్టట్లేదని రోజూ ప్రాణం తీస్తున్నారమ్మా," అని మా ఆవిడ దగ్గర వాపోయింది. మా ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ తర్వాత మబ్బు చూడడం మానేసింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉండగా గోడవతల నుంచి మరదలి గొంతు వినిపించింది.

"అక్కా, ఆ పొడుగావిడ మొహం చూశావా ఆ రోజు?"

మా ఆవిడ గరిటె ఆపింది. "ఏంటే? వినపడట్లేదు."

"మొహం! ఆ పొడుగావిడది!"

"నువ్వు మాత్రం? ఫోనులో మాట్లాడుకుంటారా అని నువ్వడగ్గానే బ్రోకరుకి ముచ్చెమటలు పోశాయి!"

ఇద్దరూ గోడకి చెరో వైపు నిలబడి నవ్వారు. అరుస్తూ నవ్వారు, లేకపోతే అవతలికి వినపడదు. అప్పట్నుంచి రోజూ ఇదే పని. ఇటు నుంచి ఒకరు కేకేస్తే అటు నుంచి ఒకరు, "ఆఁ? ఏంటీ?" అంటారు. గొంతులు బొంగురుపోయాయి. నేను మెల్లిగా, "పోనీ గోడ తీయించేద్దామా?" అన్నాను.

"వద్దు!" అని గోడకి రెండు వైపుల నుంచీ ఒకేసారి వినిపించింది.

"గోడ ఉండాలి బావా," అంది మరదలు. "అందులో చిన్న కిటికీ ఉంటే చాలు. మాట్లాడుకుని మూసేసుకుంటాం."

అంటే ఫోను పెట్టేసుకునే సౌకర్యం అన్నమాట.

ఇంటి లోపలి గోడకి కిటికీ ఉన్న ఇంటిని ఇక ఎవడు కొంటాడని నేనడిగాను. ఇప్పుడెవడు కొంటున్నాడని రసమట్టం అడిగాడు. అతని మాటలో న్యాయం ఉంది. పెట్టె తాళం తీశాడు. మధ్యాహ్నం భోజనాలవగానే వాళ్ళ వైపు నుంచి ఉలితో కొట్టడం మొదలుపెట్టాడు. ఇల్లంతా ఠంగుఠంగుమని మోగింది. మా వైపు గోడ మీంచి సున్నం రాలింది.

రెండు దెబ్బలకే గొడవొచ్చింది.

"అంత కిందనా? నేను వంగి మాట్లాడాలా?" అని మరదలు అటు నుంచి.

"పైన పెడితే నేను పీటెక్కి మాట్లాడాలా? మరిదిగారూ, ఇంకా కిందకి దించండి!" అని మా ఆవిడ ఇటు నుంచి. "దానికి చిన్నప్పట్నుంచీ అంతే. అంతా దాని ఎత్తుకే..."

అక్కడ ఆగిపోయింది. ఇంకేదో అంటుందని చూశాను. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి, తల గోడకి ఆనించి, నోరు కొంచెం తెరిచి ఉంది. అవతల ఠంగుఠంగుమని దెబ్బ పడుతోంది. మరదలు అరుస్తోంది. ఆవిడ జుట్టు మీద సున్నం పడుతోంది.

నిద్రపోతోంది.

మొదట్లో కునుకు పట్టేదని చెప్పానే, ఆ రోజుల్లో రసమట్టం ఎప్పుడూ ఏదో ఒకటి కొడుతూనే ఉండేవాడు. నేను రోజూ వెళ్ళి ఆ మోత ఆపమని పోట్లాడేవాణ్ణి. బ్రోకరు వచ్చాక మొత్తానికి ఆపించేశాం.

నా జేబులో ఫోను మోగింది. బ్రోకరు.

"సార్, ఇంకొక పార్టీ దొరికింది. ఆరోగ్యం బాలేదట, ప్రశాంతత కావాలట... సార్, ఏంటా చప్పుడు?"

"ఏం లేదు. తర్వాత మాట్లాడతా," అని పెట్టేశాను.

అంతలో అవతల దెబ్బ ఆగింది. మా ఆవిడ కనురెప్పలు కదిలాయి.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మా గుమ్మంలోంచి బయటికొచ్చి, వానలో చుట్టూ పరిగెత్తి, వాళ్ళ గుమ్మంలోంచి లోపలికెళ్ళాను. రసమట్టం గోడ ముందు ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మరదలు నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"అన్నయ్యా, ఎత్తు తేలిందా? వదినగారి ఎత్తుకా, మీ మరదలి ఎత్తుకా?"

"తేల్లేదు. ఆవిడ లేచాక అడుగుదువుగాని."

"మరి అందాకా ఆపమంటారా?"

"ఆపకు."

"ఎక్కడ కొట్టను?"

"ఎక్కడైనా కొట్టు."

అతను నన్నోసారి, గోడనోసారి చూశాడు. రసమట్టం తీసి మరదలి చేతికిచ్చి, కొట్టడం మొదలుపెట్టాడు.